పురిటి నొప్పికి మందు మీ ఒంట్లోనే ఉంది!

"డాక్టరు గారూ! నాకిప్పుడు ఎనిమిదో నెల. తొలికాన్పు. పుట్టింటికి వచ్చాను. రోజూ ఎవరో ఒకరు చూడటానికి వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఊరుకోకుండా తమ కాన్పు కథ చెప్పి పోతున్నారు. మా పెద్దమ్మ కూతురు రెండు రాత్రులు నొప్పులు పడిందట. పక్కింటి పిన్నిగారు 'కాన్పంటే మరో జన్మెత్తటమే' అంటారు. మా వదిన మాత్రం ఇంకో మాట చెప్పింది. నొప్పి ఎలాగో ఓర్చుకున్నాను గానీ ఆ గదిలో ఒక్కదాన్నే పడి ఉండటం భరించలేకపోయానంది. అరిస్తే కసిరారట. అమ్మను పిలవమంటే లోపలికి రానివ్వలేదట. ఇవన్నీ విన్నాక నాకు నిద్ర పట్టటం లేదు. మంచిరోజు చూసి ముందే ఆపరేషన్ చేయించుకుంటే ఈ బాధ ఉండదు కదా అని మావారితో అన్నాను. అమ్మ ఒప్పుకోవటం లేదు. మీరేమంటారు?"

ఉత్తరం ఒక అమ్మాయిది. భయం మాత్రం కడుపుతో ఉన్న ఎంతోమంది అమ్మాయిలది. పైకి చెప్పేవాళ్ళు కొందరైతే, చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయేవాళ్ళు ఇంకెందరో. అందుకని ఈ వారం జవాబు ఆ అమ్మాయి ఒక్కదానికే కాదు, ఆమె తల్లికీ, భర్తకీ, వదినకీ, ఈ పేజీ చదివే మీ అందరికీ కలిపి చెబుతున్నాను.

ముందుగా ఆ వదినగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. నొప్పికన్నా ఒంటరితనమే ఎక్కువ బాధ పెట్టిందంటున్నారు ఆవిడ. అది మనసుకి మాత్రమే సంబంధించిన సంగతి కాదు, ఒంటికి కూడా సంబంధించిన సంగతి. భయం, ఒంటరితనం కాన్పు నొప్పిని నిజంగానే పెంచుతాయి. ధైర్యం, పక్కన ఒక మనిషి తోడు నిజంగానే తగ్గిస్తాయి. ఎలాగో చూద్దాం.

నొప్పి ఎందుకు వస్తుంది?

గర్భసంచి గట్టి కండరాలతో తయారైన సంచి. దాని మూతి కిందివైపు ఉంటుంది. తొమ్మిది నెలలూ ఆ మూతి బిగుసుకుని ఉండి లోపలి బిడ్డను కాపాడుతుంది. నెలలు నిండాక సంచి కండరాలు ఒక వరస ప్రకారం బిగుస్తూ, సడలుతూ ఆ మూతిని కొద్దికొద్దిగా తెరుస్తాయి. పూర్తిగా తెరుచుకుంటే 10 సెంటీమీటర్లు. కండరం బిగిసినప్పుడూ, మూతి సాగినప్పుడూ నొప్పి తెలుస్తుంది. అది పొత్తికడుపులో రావచ్చు, నడుములో రావచ్చు, తొడల్లోకి పాకవచ్చు.

ఈ నొప్పికీ మిగతా నొప్పులకీ పెద్ద తేడా ఉంది. పన్నునొప్పి, చెవినొప్పి ఒంట్లో ఏదో చెడిందని చెబుతాయి. కాన్పు నొప్పి పని జరుగుతోందని చెబుతుంది. పైగా ఇది ఎడతెగకుండా ఉండే నొప్పి కాదు. అలలా వస్తుంది, పోతుంది. కాన్పు బాగా సాగుతున్న సమయంలో నాలుగు నిమిషాలకొకసారి నొప్పి వస్తోందనుకోండి. వచ్చిన నొప్పి ఒక నిమిషం ఉంటోందనుకోండి. లెక్క వెయ్యండి. గంటలో నొప్పి పావుగంట, విరామం ముప్పావుగంట! చివర్లో నొప్పులు ఇంకా దగ్గరపడే మాట నిజమే. అయినా నొప్పికీ నొప్పికీ మధ్య విరామం ఉండనే ఉంటుంది.

భయపడే మనిషి ఆ ముప్పావుగంటనీ "అమ్మో, మళ్ళీ వస్తోంది" అనుకుంటూ బిగుసుకుపోయి గడుపుతుంది. ధైర్యంగా ఉన్న మనిషి ఆ సమయంలో ఒళ్ళు వదిలేసి సేద తీరుతుంది, ఒక్కోసారి కునుకు కూడా తీస్తుంది. ఇద్దరికీ వచ్చిన నొప్పి ఒకటే కావచ్చు. పడే అలసట మాత్రం ఒకటి కాదు.

ఆవు ఎందుకు చేపదు?

కాన్పును నడిపించే హార్మోన్లలో మొదటిది ఆక్సిటోసిన్. ఇది మెదడులో తయారై, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలోంచి రక్తంలోకి వస్తుంది. ఆ గ్రంథి రసానికి గర్భసంచిని బిగింపజేసే శక్తి ఉందని 1906లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ కనిపెట్టాడు. 1953లో అమెరికా శాస్త్రజ్ఞుడు విన్సెంట్ డు విన్యో ఆక్సిటోసిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్పత్రిలో నొప్పులు రావటానికి సెలైన్లో కలిపి ఎక్కించే మందు అదే.

ఈ హార్మోను సంగతి పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకు పేరు తెలియకుండానే తెలుసు. పొదుగు నిండా పాలున్నా, కొత్త మనిషి వెళ్ళి కూర్చుంటే ఆవు చేపదు. దూడను వదిలితే చేపుతుంది. గేదె బెదిరితే ఆ పూట పాలు లేనట్టే. చంటిబిడ్డ తల్లులకూ అంతే. ఇంట్లో గొడవ జరిగి మనసు బాగాలేని రోజు పాలు సరిగ్గా చేపుకి రావు. పాలు చేపుకి రావటానికి కారణం ఆక్సిటోసినే. ఆ హార్మోనే కాన్పులో గర్భసంచిని బిగింపజేస్తుంది. కొత్త చోటు, కొత్త మనుషులు, కసురుళ్ళు, కళ్ళలో పడే పెద్ద లైట్లు, సిగ్గు - ఇవి ఉన్నచోట ఆక్సిటోసిన్ బెదురుతుంది. నెమ్మది, మరుగు, తెలిసిన మనిషి స్పర్శ ఉన్నచోట ధారాళంగా వస్తుంది. ఇంట్లో చక్కగా వస్తున్న నొప్పులు ఆస్పత్రి గడప తొక్కగానే కాసేపు ఆగిపోయాయని చాలామంది చెబుతుంటారు. దాంట్లో వింత ఏమీ లేదు.

ఒంట్లో పుట్టిన ఆక్సిటోసిన్‌కీ, సెలైన్లో ఎక్కించినదానికీ ఒక తేడా ఉంది. ఎక్కించిన మందు గర్భసంచి మీద పనిచేస్తుంది గానీ రక్తంలోంచి మెదడులోకి పెద్దగా చేరదు. నొప్పులు తెప్పిస్తుంది, మనసుకి నెమ్మదినివ్వదు. ఒంట్లో పుట్టినది ఈ రెండు పనులూ చేస్తుంది. అందుకే "త్వరగా కాన్పయ్యేట్టు సూది వెయ్యండి" అని మీ అంతట మీరు డాక్టర్లనీ, నర్సుల్నీ తొందరపెట్టకండి. అవసరమైతే వాళ్ళే పెడతారు. అవసరమైనప్పుడు అది మంచి మందే.

మనమే తయారుచేసుకునే మత్తుమందు

రెండోది ఎండార్ఫిన్. నల్లమందులోంచి తీసే మార్ఫిన్ గురించి మీరు వినే ఉంటారు. నొప్పి తగ్గించటంలో దానికి చాలా పేరుంది. ఎక్కడో మొక్కలో పుట్టిన మందు మనిషి మెదడులో అంత చక్కగా ఎలా పనిచేస్తోంది? మెదడు కూడా అలాంటిదేదో స్వయంగా తయారుచేసుకుంటూ ఉండాలి కదా అని శాస్త్రజ్ఞులకు అనుమానం వచ్చింది. 1975లో స్కాట్లాండులోని అబర్దీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ అనే ఇద్దరు పందుల మెదడులోంచి అలాంటి పదార్థాలను వేరుచేసి చూపించారు. ఈ జాతి పదార్థాలకు తర్వాత ఎండార్ఫిన్లు అనే పేరు స్థిరపడింది. ఒంట్లోనే పుట్టే మార్ఫిన్ అని దాని అర్థం.

గర్భిణీ స్త్రీ కాన్పు నొప్పులు పడుతున్నప్పుడు రక్తంలో ఈ ఎండార్ఫిన్లు బాగా పెరుగుతాయి. కాన్పు సాగేకొద్దీ ఇంకా పెరుగుతాయి. సహజంగా సాగే కాన్పులో తల్లిని గమనిస్తే మీకే తెలుస్తుంది. మొదట్లో మాట్లాడుతుంది, నవ్వుతుంది. కొన్ని గంటలయ్యాక మాటలు తగ్గుతాయి. కళ్ళు అరమోడ్పుగా ఉంటాయి. అడిగినదానికి జవాబివ్వదు. తన లోకంలో తాను ఉంటుంది. చూసేవాళ్ళు "పిల్ల సోలిపోతోంది" అని కంగారుపడి తట్టి లేపి కబుర్లు చెబుతారు. ఆమె తెలివిలో ఉండి, పిలిస్తే పలుకుతూ ఉంటే అలా చెయ్యనవసరం లేదు. ఆ మైకం ఆమె ఒంట్లోని మందు పనిచేస్తోందనటానికి గుర్తు. కాన్పయ్యాక అంత బాధా మరిచిపోయి బిడ్డను చూసి పొంగిపోవటంలోనూ ఈ హార్మోన్ల పాత్ర ఉంది.

అయితే ఎండార్ఫిన్ నొప్పిని పూర్తిగా తీసేయదు. భరించగలిగేటట్టు చేస్తుంది. "నొప్పి అసలే తెలియదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

భయం చేసే పని

మూడోది అడ్రినలిన్. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లోంచి వస్తుంది. చీకట్లో పాము కనిపించిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, కాళ్ళకు ఎక్కడలేని బలం వస్తుంది. అది అడ్రినలిన్ చేసే పని. పారిపోవటానికో, తిరగబడటానికో ఒంటిని సిద్ధం చేస్తుంది. అలాంటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్ళూచేతుల కండరాలకు వెళుతుంది. గర్భసంచికి తగ్గుతుంది. గర్భసంచి బిగువు కూడా సడలుతుంది. నెలలు నిండకుండా వచ్చే నొప్పుల్ని ఆపటానికి డాక్టర్లు వాడే మందుల్లో కొన్ని అడ్రినలిన్‌లాగా పనిచేసేవే!

అడవిలో లేడి ఈనబోతుంటే పులి వాసన తగిలిందనుకోండి. ఆ క్షణంలో ఈనటం ఆగిపోయి లేడి పరుగెత్తగలిగితేనే తల్లీ పిల్లా బతుకుతాయి. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు మనిషికీ ఉంది. కాన్పు గదిలో పులి ఉండదు. కానీ కసిరే గొంతు, పక్క మంచం మీద అరుపులు, ఎవరూ లేరన్న దిగులు ఒంటికి పులి లాంటివే.

అప్పుడు ఏమవుతుంది? నొప్పులు వస్తుంటాయి గానీ పని జరగదు. ఒళ్ళు బిగుస్తుంది, నొప్పి ఎక్కువవుతుంది. నొప్పి ఎక్కువైతే భయం ఇంకా పెరుగుతుంది. భయం, బిగువు, నొప్పి - ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే ఈ చక్రాన్ని ఇంగ్లండు డాక్టరు గ్రాంట్లీ డిక్ రీడ్ 1930లలోనే వివరించాడు. అప్పట్లో ఆయన్ని వెక్కిరించినవాళ్ళున్నారు. ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు గానీ ఈ మాట మాత్రం నిలబడింది.

చిట్టచివర, బిడ్డ బయటపడే ముందు అడ్రినలిన్ ఒక్కసారిగా పెరిగి తల్లికి బలాన్నిస్తుంది. అది మంచిదే. మొదటినుంచీ గంటల తరబడి భయంతో పెరిగితేనే చెరుపు.

పక్కన కూర్చుంటే చాలా?

"ఇదంతా బాగానే ఉంది, ఒక మనిషి పక్కన కూర్చున్నంత మాత్రాన నొప్పి తగ్గుతుందా?" అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న డాక్టర్లకూ వచ్చింది. మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అనే ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లు, వారి సహచరులు మధ్య అమెరికాలోని గ్వాటిమాలా దేశంలో ఒక ప్రయోగం చేశారు. 1980లో దాని ఫలితాలు వచ్చాయి. అక్కడి ఆస్పత్రిలో తొలికాన్పు స్త్రీలను లోపల ఒంటరిగానే ఉంచేవారు. వారిలో కొందరి పక్కన ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె నర్సు కాదు, చుట్టం కూడా కాదు. చెయ్యి పట్టుకోవటం, వీపు నిమరటం, ధైర్యం చెప్పటం - ఇంతే ఆమె పని. ఏ చిక్కూ లేకుండా కాన్పయిన తల్లులను పోల్చి చూస్తే, ఒంటరిగా ఉన్నవారికి ఆస్పత్రిలో చేరాక కాన్పు కావటానికి సగటున సుమారు 19 గంటలు పట్టింది. తోడున్నవారికి సుమారు 9 గంటలు! కాన్పయ్యాక తోడున్న తల్లులు మెలకువగా ఉండి బిడ్డను ఎక్కువగా నిమిరారు, బిడ్డను చూసి ఎక్కువగా నవ్వారు.

ఆ ప్రయోగంలో తల్లుల సంఖ్య చిన్నది. అందుకని అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 412 మంది తొలికాన్పు తల్లులతో మళ్ళీ చేశారు. 1991లో ఫలితాలు ప్రచురించారు. తోడు లేనివారిలో నూటికి 18 మందికి సిజేరియన్ అయితే, తోడున్నవారిలో 8 మందికే అయింది. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు తోడు లేనివారిలో నూటికి 55 మందికి అవసరమైతే, తోడున్నవారిలో 8 మందికే కావలసివచ్చింది. ఇంకో విశేషం. కొందరి గదిలో ఒక స్త్రీని కూర్చోబెట్టారు గానీ, మాట్లాడకుండా, తాకకుండా రాసుకుంటూ ఉండమన్నారు. వారిలో కూడా సిజేరియన్లు కొంత తగ్గి 13 దగ్గర ఆగాయి. ఊరికే కూర్చున్న మనిషి వల్ల కూడా అంత మేలు జరిగిందన్నమాట!

ఆ తర్వాత 17 దేశాల్లో 15 వేలకు పైగా తల్లులతో జరిగిన 26 పరిశోధనలను కలిపి 2017లో పరిశీలించారు. నొప్పులు మొదలైనప్పటి నుంచి కాన్పయ్యేదాకా తోడున్నవారికి మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పి మందుల అవసరం తక్కువ, కాన్పు సమయం తక్కువ అని తేలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు గదిలో ప్రతి స్త్రీకీ ఆమె కోరుకున్న మనిషి తోడుగా ఉండాలని సిఫార్సు చేసింది.

మంత్రసాని దగ్గర ఉన్నదేమిటి?

ఇది చదువుతుంటే పెద్దవాళ్ళకు నవ్వొస్తుంది. "మా రోజుల్లో మంత్రసాని చేసిన పని అదేగా!" అంటారు. నిజమే. వెనక కూర్చుని నడుము పట్టేది. "ఇంకెంతసేపమ్మా, అయిపోయింది, నా తల్లివి కదూ" అంటూ ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళంతా చుట్టూ ఉండేవారు.

కానీ ఆ రోజుల్నే మళ్ళీ తెచ్చుకుందామనుకోకండి. ఆ రోజుల్లో రక్తం ఆగక తల్లులు పోయారు. బొడ్డు శుభ్రంగా కొయ్యక ధనుర్వాతం వచ్చి బిడ్డలు పోయారు. గుర్రపువాతానికి దగ్గర మందు ఉండేది కాదు. ఆస్పత్రి కాన్పులు వచ్చి ఎన్నో ప్రాణాలు నిలిపాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96, తెలంగాణలో 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. ఇది చాలా మంచి మార్పు. అయితే ఆస్పత్రికి వెళ్ళే తొందరలో మంత్రసాని కత్తితోపాటు ఆమె చెయ్యి కూడా వదిలేసుకున్నాం. కత్తి పోవలసిందే. చెయ్యి మాత్రం కావాలి. ఆస్పత్రి ఉండాలి, ఆస్పత్రిలో మనిషి తోడూ ఉండాలి.

లోపలికి రానిస్తారా?

చాలామందికి తెలియని సంగతి ఇది. 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు సమయంలో తల్లి పక్కన ఒక తోడు మనిషిని ఉండనివ్వాలని నిర్ణయించింది. ఆ తర్వాత 2017లో కాన్పు గదుల్ని బాగుచెయ్యటానికి పెట్టిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ ఈ సంగతి చేర్చారు. తోడు వచ్చే మనిషి కొన్ని నియమాలు పాటించాలి. సాధారణంగా ఆడమనిషై ఉండాలి. తను ఒకసారైనా కాన్పయిన మనిషైతే మరీ మంచిది. అంటురోగాలు ఉండకూడదు. శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి. నొప్పులు మొదలైనప్పటినుంచి చివరిదాకా ఉండగలగాలి. సిబ్బంది పనికి అడ్డం రాకూడదు, గదిలోని ఇతర స్త్రీల జోలికి పోకూడదు. పక్కవారికి మరుగు ఉండే ఏర్పాటు ఉన్నచోట భర్తనూ ఉండనిస్తారు.

నిర్ణయం ఉన్నా, అమలు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అందుకని నొప్పులు వచ్చాక తలుపు దగ్గర వాదులాడకుండా, ఏడెనిమిది నెలలప్పుడే పరీక్షకు వెళ్ళిన రోజున అడగండి. "లోపలికి తోడు ఎవర్ని రానిస్తారు? లేచి నడవనిస్తారా? మంచినీళ్ళు, మజ్జిగ తాగనిస్తారా? నొప్పి తగ్గటానికి మీ దగ్గర ఏ ఏర్పాట్లున్నాయి?" ఈ నాలుగు ప్రశ్నలు చాలు. ప్రైవేటు ఆస్పత్రిలోనైనా సరే, మర్యాదగా, ముందుగా అడగండి.

తోడు వెళ్ళే మనిషి ఎవరు? ఏం చెయ్యాలి?

అమ్మే వెళ్ళాలని లేదు. కూతురు నొప్పి పడుతుంటే చూడలేక తనే ఏడ్చే తల్లికన్నా, నిబ్బరంగా ఉండే వదిన, అక్క, పిన్ని, అత్తగారు నయం. ఎవరు కావాలో గర్భిణీ స్త్రీనే అడగండి. ఆమె ఎవరి పేరు చెబితే వారే తగినవారు. ఆ మనిషి చెయ్యవలసినవి ఇవి:

1. ఆమెను ఒంటరిగా వదలకండి. బయటికి వెళ్ళవలసివస్తే చెప్పి వెళ్ళండి, చెప్పిన సమయానికి రండి.

2. నొప్పి వస్తున్నప్పుడు ప్రశ్నలు వెయ్యకండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, నోటితో ఇంకా నెమ్మదిగా వదలమనండి. మీరూ ఆమెతోపాటు అలాగే చెయ్యండి. మిమ్మల్ని చూసి ఆమె ఊపిరి కుదుటపడుతుంది.

3. నడుము కింద, పిరుదుల మధ్య ఉండే ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా నొక్కి పట్టండి. నడుములో నొప్పి వచ్చేవారికి దీనివల్ల చాలా హాయిగా ఉంటుంది. గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టవచ్చు. చర్మం కాలేంత వేడి ఉండకూడదు.

4. డాక్టరు వద్దని చెప్పకపోతే నడిపించండి, కూర్చోబెట్టండి, ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకుంటే బరువైన గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. నొప్పీ ఎక్కువగా తెలుస్తుంది.

5. డాక్టరు ఒప్పుకుంటే మంచినీళ్ళు, కొబ్బరినీళ్ళు, పలచని మజ్జిగ కొద్దికొద్దిగా పట్టండి. రెండు గంటలకొకసారి మూత్రానికి వెళ్ళమనండి.

6. అరిస్తే "ఛ, ఊరుకో, అందరూ చూస్తున్నారు" అనకండి. మూలిగితే మూలగనివ్వండి. "బాగా చేస్తున్నావు, ఒక నొప్పి అయిపోయింది, అది మళ్ళీ రాదు" అనండి.

7. ముక్కమని తొందరపెట్టకండి. మూతి పూర్తిగా తెరుచుకున్నాక ముక్కాలనే కోరిక ఆమెకే పుడుతుంది. కడుపు మీద పైనుంచి నొక్కటం ప్రమాదం. మీరు నొక్కకండి, నొక్కమని ఎవర్నీ అడక్కండి.

8. మీ కాన్పు కథ, ఊళ్ళో జరిగిన చెడ్డ కాన్పుల కథలు ఆ రోజు నోటి వెంట రానివ్వకండి.

బిడ్డ పుట్టగానే, బిడ్డ బాగుంటే, తల్లి రొమ్ముల మీద ఒంటికి ఒళ్ళు తగిలేట్టు పడుకోబెట్టమని అడగండి. మొదటి గంటలోనే పాలు పట్టించండి. ఆ స్పర్శతో తల్లిలో ఆక్సిటోసిన్ మళ్ళీ పొంగుతుంది. గర్భసంచి ముడుచుకోవటానికి సాయపడుతుంది. అయినా రక్తస్రావం రాకుండా నర్సు ఇచ్చే ఆక్సిటోసిన్ సూదిమందును మాత్రం వద్దనకండి. అది ప్రాణరక్షణకు ఇచ్చేది.

ఇవి మరిచిపోకండి

ఒంట్లోని మందు మీద నమ్మకం ఉండాలి గానీ మూర్ఖపు పట్టుదల ఉండకూడదు. రక్తం పోతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పి వచ్చి కళ్ళు మసకలు కమ్మినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం వచ్చినా ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ గర్భసంచి మూతికి అడ్డంగా ఉన్నా సిజేరియన్ చెయ్యక తప్పదు. అప్పుడు అది వరం.

నొప్పి భరించలేక ఎపిడ్యూరల్ అడిగితే అది ఓటమీ కాదు, తప్పూ కాదు. దానివల్ల సిజేరియన్లు పెరుగుతాయన్న భయం నిజం కాదని పరిశోధనల్లో తేలింది. ముక్కే దశ కొంచెం ఎక్కువసేపు సాగవచ్చు. మందు తీసుకున్నా తోడు అవసరం తీరిపోదు. ఆపరేషన్ బల్ల మీదికి వెళ్ళే అమ్మాయికి కూడా ఒక చెయ్యి కావాలి.

ఆ అమ్మాయికి నా జవాబు

అమ్మాయ్! కేవలం నొప్పికి భయపడి, ముహూర్తం చూసి కడుపు కోయించుకోవద్దు. పైన చెప్పిన సర్వేలోనే సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో 60 దాటాయి. ఇన్నింటికీ వైద్యపరమైన అవసరం ఉందనుకోలేం. ఆపరేషన్‌లో నొప్పి పోదు, వాయిదా పడుతుంది. ఆ కొన్ని గంటల నొప్పికి బదులు కుట్ల నొప్పి కొన్ని రోజులు ఉంటుంది. తర్వాతి కాన్పులకు కొన్ని చిక్కులూ తెచ్చిపెడుతుంది. మీ డాక్టరు పరీక్షచేసి మామూలు కాన్పుకి అడ్డేమీ లేదంటే ధైర్యంగా ఉండు.

ఇక చెయ్యవలసిన పని ఒకటుంది. కాన్పు కథలు చెప్పటానికి వచ్చేవాళ్ళతో "కాన్పయ్యాక వింటాను పిన్నిగారూ" అని నవ్వుతూ చెప్పు. ఈ పేజీ మీ అమ్మగారికీ, మీవారికీ చదివి వినిపించు. తర్వాత మీ వదిన దగ్గరికి వెళ్ళి కూర్చో. ఆ గదిలో ఒంటరితనం ఎలా ఉంటుందో మీ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆవిడ. "నాతో లోపలికి వస్తావా వదినా?" అని అడుగు. ఆవిడ కాదంటుందని నేననుకోను.